యూనిఫాం లేని ఆ ఇద్దరు

పిల్లల మనసు కట్టు తెంచుకున్న రాత్రి ఆ ఇంటికి ఎవరు రావాలి? పోలీసా, అంబులెన్సా? అమెరికాలో కొన్ని రాష్ట్రాలు మూడో దారి వెతుక్కున్నాయి. అక్కడి తెలుగు ఇళ్ల దాకా వెళ్లిన ఆ దారి, 108 పుట్టిన మన నేలకి ఇంకా ఎందుకు రాలేదు?

రాత్రి తొమ్మిదిన్నర. న్యూజెర్సీలోని ఎడిసన్. వంటింట్లో పప్పుచారు పొంగి గట్టంతా పారింది. స్టవ్ కట్టేసే ధ్యాస ఎవరికీ లేదు. మేడ మీద గదికి లోపలి నుంచి గడియ. పదహారేళ్ల కుర్రాడు చేతికందిందల్లా గోడకేసి కొడుతున్నాడు. తలుపు ఇవతల తండ్రిది అరగంటగా ఒకటే మాట: "తలుపు తియ్ నాన్నా, ఏమీ అనను." మెట్ల మీద కూలబడ్డ నానమ్మ ఫోన్లో విష్ణు సహస్రనామం పెట్టి వాల్యూం పెంచుకుంటూ పోతోంది. మనవణ్ని చూసుకుందామని ఆర్నెల్లకోసం వచ్చిందావిడ.

తల్లి చేతిలో ఇంకో ఫోను. 911 నొక్కింది. పచ్చ బటన్ మీద వేలు ఆగిపోయింది. పోలీసులొస్తారు. ఎర్ర దీపాలూ నీలం దీపాలూ వీధి వీధంతా వెలుగుతాయి. ఎదురిల్లూ పక్కిల్లూ మనవాళ్లవే. పరువు సంగతి పక్కన పెట్టినా, వచ్చేవాళ్ల నడుముకి తుపాకీ ఉంటుంది. లోపలున్న పిల్లాడు ఆరడుగుల మనిషి. ఈ క్షణాన ఎవరి మాటా వినేలా లేడు.

నంబరు చెరిపేసి, ఫ్రిజ్‌కి అంటించి ఉన్న మరో నంబరుకి చేసింది. స్కూల్లో కౌన్సెలర్ ఎప్పుడో ఇచ్చిన కాగితం అది.

గంటలోపే వాకిట్లో ఓ మామూలు కారు ఆగింది. సైరన్ లేదు. దిగింది ఇద్దరు. జీన్సూ స్వెట్టరూ, మెళ్లో గుర్తింపు కార్డు. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట చూసి అడక్కుండానే బూట్లు విప్పారు. ఒకామె తల్లితో పాటు వంటింట్లోకి నడిచి ముందు స్టవ్ కట్టేసింది. రెండో అతను మేడెక్కి, తండ్రికి నచ్చజెప్పి కిందికి పంపి, గది బయట కార్పెట్ మీద చతికిలబడ్డాడు. తలుపుకి అడ్డంగా కాదు, ఓ పక్కగా. "నేను లోపలికి రాను. ఇక్కడే ఉంటాను. మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, లేకపోతే ఊరుకో" అన్నాడు. పావుగంట పాటు ఎవరూ మాట్లాడలేదు. లోపల చప్పుడు తగ్గాక అతనడిగిన మొదటి ప్రశ్నలో చదువు లేదు, కోపం ఎందుకొచ్చిందన్న ఆరా లేదు. "పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా?"

ఈ ఇల్లు ఫలానా వారిదని చెప్పడానికి లేదు. ఆ రాష్ట్రంలో ఇలాంటి ఫోన్ వస్తే ఏం జరుగుతుందో చూపించడానికి కట్టుకున్న ఇల్లు ఇది. వచ్చిన ఇద్దరి పనితీరు మాత్రం కల్పన కాదు. దాన్ని మొబైల్ రెస్పాన్స్ అంటారు. ఆసుపత్రికి పిల్లల్ని లాక్కెళ్లే బదులు మనిషినే పిల్లల దగ్గరికి పంపే పద్ధతి.

గోడ మీద నంబరు రాస్తే సరిపోతుందా?

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మన దగ్గర పిల్లల మనసుల మీద చర్చ కోర్టు దాకా వెళ్లింది కాబట్టి. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి ప్రాణాలు పోగొట్టుకుంది. బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న పిల్ల. తండ్రి సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. 2025 జులై 25న కోర్టు కేసును సీబీఐకి అప్పగించి ఊరుకోలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి పిల్లలుంటే అర్హత గల కౌన్సెలర్ ఉండి తీరాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ప్రభుత్వ మానసిక సహాయవాణి టెలీ మానస్ నంబరు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. చట్టం వచ్చేదాకా ఇవే చట్టం.

మంచి తీర్పు. ఇన్నాళ్లకైనా వచ్చింది. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఆ వారం ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఏం జరుగుతుందోనని తల్లిదండ్రులు రాత్రిళ్లు పిల్లల పక్కలో పడుకున్నారు.

అయితే ఓ ప్రశ్న మిగిలిపోయింది. కౌన్సెలర్ సాయంత్రం ఐదింటికి ఇంటికి వెళ్లిపోతారు. నంబరు గోడ మీద ఉంటుంది. కష్టం రాత్రి పదకొండింటికి వస్తుంది. ఫోన్ ఎత్తినవాళ్లు ఎంత ఓపికగా మాట్లాడినా, ఆ గది ముందు కూర్చునే మనిషి ఎవరు? హాస్టల్లో అయితే వార్డెన్. ఇంట్లో అయితే అప్పటికే గొంతు పోయేలా అరిచిన అమ్మానాన్నలు.

మీరు కష్టమంటే అది కష్టమే

ఇంటికి మనిషిని పంపడమనే ఆలోచన అమెరికాలోనూ ఒక్కసారిగా రాలేదు. ఆరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ అనే చిన్న నగరంలో 1989లో ఒక ఉచిత వైద్యశాల వాళ్లు తెల్ల వ్యానులో వైద్య సహాయకుణ్ని, కౌన్సెలర్‌ని జంటగా పంపడం మొదలుపెట్టారు. దాని పేరు కహూట్స్. పెద్దల కోసం మొదలైన పని. పిల్లల కోసమే ప్రత్యేకంగా బృందాలు పెట్టినవాటిలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ ముందుంది, 1990లలోనే. మసాచుసెట్స్‌లో అయితే కోర్టు కొరడా ఝళిపిస్తే గాని కదల్లేదు. పేద పిల్లలకి ఇంటి దగ్గర మానసిక వైద్యం అందడం లేదని 2001లో కొన్ని కుటుంబాలు దావా వేశాయి. 2006లో గెలిచాయి. 2009లో కార్లు రోడ్డెక్కాయి. సర్కారు వారి వేగం అక్కడా ఇక్కడా ఒకటేనన్నమాట.

మన కథకి న్యూజెర్సీ ముఖ్యం. ఎందుకంటే అక్కడ తెలుగువాళ్లు లేని ఊరు వెతకాల్సిందే. ఆ రాష్ట్రమంతటికీ ఒకే నంబరు, రాత్రింబగళ్లు. 21 ఏళ్ల లోపు పిల్లలు ఎవరికైనా సరే. ఇంటి ఆదాయం ఎంత, ఇన్సూరెన్స్ ఉందా అన్న లెక్క లేదు, కుటుంబం కట్టాల్సిన రుసుమూ లేదు. ఫోన్ చేసిన గంటలోపు బృందం గుమ్మంలో ఉండాలి. "ఇప్పుడొద్దు, రేపు పిల్లాడు స్కూల్ నుంచి వచ్చాక రండి" అంటే అలాగే వస్తారు.

ఆ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. ఏది ఆపద, ఏది కాదు అని తేల్చేది డాక్టరు కాదు. ఫోన్ చేసిన ఇంటివాళ్లు. "మా అమ్మాయి మూడు వారాలుగా బడికి వెళ్లనంటోంది", "పన్నెండేళ్ల వాడు చెల్లెలి మీద చెయ్యి చేసుకుంటున్నాడు", "మా బాబు ఎవరితోనూ మాట్లాడటం లేదు, ఎందుకో భయంగా ఉంది". ఇవన్నీ ఆపదలే. రక్తం కనిపిస్తేనే, ప్రాణం మీదికొస్తేనే కదులుతామనే షరతు లేదు. మన ఇళ్లల్లో ఎన్ని సంగతులు "ఇంతోటి దానికి ఎవరికి చెప్తాం" అనుకుంటూనే చేయి దాటిపోతాయో అనుభవమున్న ఎవరికైనా ఈ ఒక్క నిబంధన విలువ తెలుస్తుంది.

మొదటి 72 గంటలు బృందం ఆ ఇంటిని వదలదు. అవసరమైతే మళ్లీ మళ్లీ వస్తారు. తర్వాత ఎనిమిది వారాల దాకా తోడుంటారు. కౌన్సెలర్‌ని వెతికిపెట్టడం, బడితో మాట్లాడటం, ఇదే బాధ పడి గట్టెక్కిన వేరే తల్లిదండ్రులతో కలపడం ఆ వారాల్లో జరిగే పనులు. ఇలా ఇంటికి వెళ్లిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా ఆసుపత్రికో వసతి కేంద్రానికో వెళ్లకుండా, ఉన్న ఇంట్లోనే ఉంటున్నారని రాష్ట్రం లెక్కలు చెబుతున్నాయి. దగ్గర్లోనే ఉన్న కనెటికట్ రాష్ట్రంలో ఇలాంటి బృందాల సాయం అందిన పిల్లల్ని, అందని పిల్లలతో పోల్చి చూశారు. తర్వాతి రోజుల్లో మానసిక కారణాలతో ఎమర్జెన్సీ వార్డుకి పరిగెత్తడం 25 శాతం తక్కువగా ఉందని 2019లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చింది.

ఎమర్జెన్సీ వార్డు అంటే అక్కడ పిల్లలకి చిన్న నరకమే. పడక దొరికేదాకా రోజుల తరబడి స్ట్రెచర్ మీద, కిటికీ లేని గదిలో, బెల్టూ బూటు లేసులూ తీసేసుకుని, గుమ్మంలో కాపలా మనిషితో. కొవిడ్ కాలంలో ఇది ఎంత ముదిరిందంటే 2021 అక్టోబర్లో అమెరికా పిల్లల వైద్యుల సంఘాలూ పిల్లల ఆసుపత్రులూ కలిసి పిల్లల మానసిక ఆరోగ్యం మీద జాతీయ అత్యవసర స్థితి ప్రకటించాయి. ఆ ఏడాది సర్వేలో హైస్కూల్ పిల్లల్లో 42 శాతం మంది వారాల తరబడి వదలని దిగులు అనుభవించామన్నారు.

---

■ 988 కథ

• 2020 అక్టోబర్లో అమెరికా ఒక చట్టం చేసి, అప్పటిదాకా ఉన్న పదంకెల ఆత్మహత్యా నివారణ నంబరు స్థానంలో మూడంకెల నంబరు తెచ్చింది. 2022 జులై 16 నుంచి అది పనిచేస్తోంది.

• ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. ఇంగ్లిష్, స్పానిష్ కాక వేరే భాష కావాలంటే ఫోన్లోకి దుబాసీని తీసుకుంటారు.

• అక్కడి ప్రభుత్వ సంస్థ చెప్పే లక్ష్యం మూడు ముక్కల్లో: మాట్లాడటానికి ఒకరు, రావడానికి ఒకరు, వెళ్లడానికి ఒక చోటు. మొదటిది అన్ని రాష్ట్రాల్లో ఉంది. రెండోది, మూడోది ఉన్న ఊరిని బట్టి.

---

కూర్చునే చోటు దగ్గరే పని మొదలు

ఈ బృందాల్లో చేరేవాళ్లకి ముందు నేర్పేది మాటలు కాదు, నిలబడటం. పిల్లల కంటే ఎత్తులో నిలబడకూడదు. మంచం మీద ఉంటే నేల మీద కూర్చోవాలి. తలుపుకి అడ్డు పడకూడదు. బయటికి దారి కనిపించని పిల్లలు ఇంకా బెదిరిపోతారు. అదే సమయంలో తమకీ దారి ఉండేలా చూసుకోవాలి. టీవీ కట్టేయించాలి. గదిలో ఎక్కువమంది ఉంటే ఒక్కొక్కరికీ ఒక్కో పని పురమాయించి బయటికి పంపాలి. తెలుగు ఇళ్లలో ఇది తేలికైన పని కాదు. అమ్మా, నాన్నా, నానమ్మా కాక, స్పీకర్ ఫోన్లో గుంటూరు నుంచి మేనమామ కూడా హాజరవుతాడు.

కారు డిక్కీలో ఏముంటాయో చూస్తే పని సగం అర్థమవుతుంది. రంగు పెన్సిళ్లు, పిసుక్కునే బొమ్మలు, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు, గ్రానోలా బార్లు. వాటి పక్కన మందులు దాచే తాళం పెట్టె. తుపాకీ ఉన్న ఇళ్లకి తుపాకీ తాళం. పిల్లాడు తేరుకున్నాక ఇంటి పెద్దల్ని కూర్చోబెట్టి, ఏయే మందులు ఎక్కడున్నాయో చూసి, పెట్టెలో పెట్టించి, తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చి గాని కదలరు. పెద్ద మాటలేవీ లేని ఈ చిన్న పని ప్రాణాలు నిలబెడుతుంది. మనసు మరీ కుంగిపోయే గడియ చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు ప్రమాదం చేతికందకపోతే చాలా మంది బయటపడతారు.

తర్వాత ఒక కాగితం. సేఫ్టీ ప్లాన్ అంటారు. అది పిల్లలే తమ చేత్తో రాయాలి. నాకు మళ్లీ అలా అవుతోందని ముందుగా ఎలా తెలుస్తుంది? ఏం చేస్తే కాస్త తేలికవుతుంది? ఊరికే పక్కన ఉండమని ఎవర్ని పిలవగలను? విషయం చెప్పి సాయం అడగాలంటే ఎవర్ని? ఇంట్లో ఏవి దూరం పెట్టాలి? అమ్మానాన్నలు పక్క నుంచి జవాబులు అందించబోతే ఆపుతారు. ఒక అమ్మాయి 'తేలిక చేసేవి' కింద 'కుక్క' అని ఒక్క మాట రాస్తే, అదే ఉంచుతారు. ధ్యానం, ప్రాణాయామం అని దిద్దరు.

ఇంకోటి. చనిపోవాలనిపిస్తోందా అని వాళ్లు సూటిగానే అడుగుతారు. మనవాళ్లు ఇక్కడే గుండెలు పట్టుకుంటారు: లేనిపోని ఆలోచన మనమే పుట్టిస్తున్నామేమోనని. అడిగితే ఆలోచన పుట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మాట ఎప్పటి నుంచో చెబుతోంది. అడిగినప్పుడు పిల్లలకి కలిగేది చాలాసార్లు ఊరట. ఇంతకాలం ఒంటరిగా మోస్తున్నది ఒకరు పేరు పెట్టి పిలిచారన్న ఊరట.

పోలీసు వస్తే ఏమవుతుంది

ఆ తల్లి 911 బటన్ మీద వేలు ఎందుకు ఆపిందో అమెరికాలో ఉన్నవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. 2024 మార్చిలో న్యూయార్క్ క్వీన్స్‌లో 19 ఏళ్ల బంగ్లాదేశీ కుర్రాడు మనసు బాగోలేక తానే 911కి ఫోన్ చేశాడు. వచ్చిన పోలీసులు, చేతిలో కత్తెర ఉందని, అమ్మా తమ్ముడూ చూస్తుండగానే వంటింట్లో కాల్చారు. అదే ఏడాది జులైలో న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో 25 ఏళ్ల కొరియన్ అమెరికన్ యువతి కోసం ఆమె సోదరుడు అంబులెన్స్ అడిగాడు. పోలీసులొచ్చారు. ఆమె దక్కలేదు. పోలీసు కాల్పుల్లో చనిపోయిన వాళ్ల వివరాలు 2015 నుంచి నమోదు చేసిన వాషింగ్టన్ పోస్ట్ లెక్కలో ఐదుగురిలో ఒకరికి మానసిక అనారోగ్యం ఉన్నట్టు తేలింది.

వీటిని పోలీసుల క్రూరత్వం కథలుగా చెప్పేసి ఊరుకోవచ్చు. నాకలా తోచదు. నేరస్తుణ్ని లొంగదీయడానికి తర్ఫీదు పొందిన మనిషిని, గట్టిగా ఆజ్ఞాపించడమే అలవాటైన మనిషిని, అరుపులకి మరింత బెదిరే పిల్లాడి ముందు నిలబెట్టడంలోనే తప్పుంది. కహూట్స్ వ్యాను 2019లో దాదాపు 24 వేల పిలుపులు చూస్తే, పోలీసుల్ని రమ్మని అడిగినవి కొన్ని వందలకు మించలేదు. మనిషిని మారిస్తే రాత్రి మారుతుందనడానికి అది చాలు.

మన ఇంటి తలుపే గట్టిది

మరి నంబరు ఫ్రిజ్ మీద ఉన్నా మనవాళ్లు ఎందుకు చేయరు? పరువు అని ఒక్క మాటలో చెప్పడం అలవాటైపోయింది. ఆ మాట నిజమే. అక్కడి తెలుగు సంఘం తానా సభల్లో ఎదురుపడే మొహాలు గుర్తొస్తాయి. కానీ దాని వెనక ఇంకో రెండు భయాలున్నాయి. వాటికి ఆధారం లేకపోలేదు.

ఒకటి, కాగితాల భయం. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల పిల్లలు, వాళ్ల మీద ఆధారపడ్డవారికిచ్చే హెచ్4 వీసా మీద ఉంటారు. రెండేళ్లప్పుడు వచ్చి, అక్కడే పెరిగి, తెలుగు వచ్చీరాకుండా ఉన్న పిల్లలకి 21 నిండగానే ఆ వీసా చెల్లదు. గ్రీన్‌కార్డు వరసలో భారతీయులది దశాబ్దాల నిరీక్షణ. పిల్లాడు హైస్కూల్లో ఉండగానే ఇంట్లో భోజనాల దగ్గర ఈ లెక్క మొదలవుతుంది: వీడికి 21 వచ్చేలోపు మన తేదీ వస్తుందా? తోటి పిల్లలు ఏ కాలేజీ అని ఆలోచిస్తుంటే వీళ్లు ఏ దేశం అని ఆలోచించాలి. ఆ దిగులే పిల్లాణ్ని తలుపేసుకునేలా చేస్తుంది. ఆ భయమే తల్లిదండ్రుల్ని ఫోన్ చేయనీదు. ఎక్కడ రికార్డవుతుందో, రేపు ఎవరేం అడుగుతారో!

రెండోది, పిల్లల్ని తీసుకుపోతారేమోనన్న భయం. ఇంటికొచ్చే ఆ బృందాలు నడిచేది రాష్ట్ర పిల్లలు, కుటుంబాల శాఖ కిందే. తల్లిదండ్రులు హింసిస్తే పిల్లల్ని వేరు చేసే విభాగమూ అదే శాఖలో ఉంది. పిల్లల మీద హింస కనిపిస్తే చెప్పి తీరాలన్నది అక్కడి చట్టం. "ఒక్క దెబ్బ వేశానని చెప్తే ఏమవుతుందో" అన్న సందేహం ఉన్న ఇంట్లో నోరు పెగలదు. మంచి కార్యకర్తలు ఈ సంగతి మొదటి పది నిమిషాల్లోనే తేటగా చెప్పేస్తారు: మేం ఏది దాచగలం, ఏది దాచలేం. దాచకుండా చెప్పడం వల్లనే నమ్మకం కుదురుతుంది.

రాత్రి డ్యూటీ

ఇక ఆ పని చేసే మనుషులు. ఎక్కువమంది ఇరవైల్లో, ముప్పైల్లో ఉంటారు. సోషల్ వర్క్ చదివినవాళ్లు, లైసెన్సు కోసం గంటలు పోగేసుకుంటున్నవాళ్లు. సొంత బిడ్డ కోసం ఇదే నంబరుకి ఒకప్పుడు ఫోన్ చేసి, ఇప్పుడు ఇంకొకరి గుమ్మం ఎక్కే తల్లులు కూడా ఉంటారు. మసాచుసెట్స్ బృందాల్లో అలాంటివారికి ప్రత్యేక స్థానమే ఉంది, ఫ్యామిలీ పార్ట్‌నర్ అని. చదువుకున్న కౌన్సెలర్ చెబితే వినని తండ్రి, "మా వాడూ ఇలాగే చేశాడన్నా" అని సాటి మనిషి అంటే వింటాడు. ఏ దేశమైనా అంతే.

కష్టం ఎక్కడంటే, ఒక ఇంటి నుంచి బయటికొచ్చి కారులో కూర్చునేసరికి రెండో పిలుపు సిద్ధంగా ఉంటుంది. మధ్యలో నోట్సు రాయాలి. రాత్రి రెండింటికి, మంచులో, తెలియని పేటలో, ఏ తలుపు వెనక ఏముందో తెలియకుండా గంట కొట్టాలి. జీతం అదే చదువుతో ఆసుపత్రిలో వచ్చేదాని కంటే తక్కువ. అందుకే ఏడాది తిరక్కుండా మానేసేవాళ్లు చాలామంది. ఒక పిల్లని గట్టెక్కించిన రాత్రి నిద్ర పడుతుంది, గట్టెక్కిందో లేదో తెలియకుండా కేసు చేయి మారిన రాత్రి పట్టదు. ఆ రెండో రకం రాత్రులే ఎక్కువ.

డబ్బు సంగతీ అంతంతే. 2021లో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఓ చట్టం తెచ్చి, కనీసం ఇద్దరు మనుషులతో ఇరవైనాలుగు గంటలూ పనిచేసే బృందాలకి మూడేళ్లపాటు ఖర్చులో 85 శాతం తానే భరిస్తానంది. చాలా రాష్ట్రాలు అప్పుడు ముందుకొచ్చాయి. 2025 వచ్చేసరికి గాలి మారింది. 988లో ఎల్జీబీటీ యువత కోసం ఉన్న ప్రత్యేక లైనును ఆ జులైలో ఆపేశారు. అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్లో, ఈ పద్ధతికి దారి చూపిన కహూట్స్ వ్యానే యూజీన్ నగరంలో ఆగిపోయింది. 36 ఏళ్ల పేరు, దేశమంతా చూసి నేర్చుకున్న నమూనా. నిధుల్లేక నిలిచిపోయింది. అమెరికాలో అన్నీ బాగున్నాయని చెప్పడానికి ఈ కథ రాయడం లేదు.

---

■ మనిషి వచ్చేలోపు ఇంట్లోవాళ్లు

• ఒక్కరే మాట్లాడండి. మిగిలినవాళ్లు పక్క గదికి వెళ్లండి, పిల్లల్ని ఒంటరిగా మాత్రం వదిలేయకండి.

• మందులు, పురుగుమందులు, పదునైనవి అందకుండా ముందే తీసేయండి.

• "నీకేం తక్కువ చేశాం", "ఫలానావాళ్ల అబ్బాయిని చూడు" ఈ రెండూ ఆ రాత్రికి వద్దు. ఆ తర్వాతైనా వద్దు.

• చనిపోవాలనిపిస్తోందా అని అడగడానికి వెనకాడకండి. జవాబు ఏదైనా కసరకుండా వినండి.

• ప్రాణానికి ఇప్పటికిప్పుడు ముప్పుంటే వేచి చూడొద్దు. 108కి గాని 112కి గాని చేయండి.

---

108 పుట్టిన ఊళ్లో

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు నవ్వినవాళ్లున్నారు. ఈ దేశంలో ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుందా అని. వచ్చింది. కాన్పు నొప్పులకి, పాముకాటుకి, రోడ్డు ప్రమాదానికి వాకిట్లోకి వచ్చే బండి మనకి ఇప్పుడు ఎంత మామూలైందంటే, రాకపోతే తిట్టుకుంటాం. ఆ పద్ధతిని ఇక్కడి నుంచే ఎన్నో రాష్ట్రాలు నేర్చుకున్నాయి. 108 సిబ్బంది ప్రాణం నిలబెడతారు, ఆసుపత్రికి చేరుస్తారు. ఒంటి మీద గాయం లేని, తలుపేసుకున్న పిల్లాడి గది ముందు గంటసేపు కూర్చోవడం వాళ్లకి అప్పగించిన పని కాదు.

చట్టం మాత్రం కూర్చోమనే అంటోంది, ఒక రకంగా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చదివి చూడండి. శరీర రోగాలకి అత్యవసర సేవలు ఏ నాణ్యతతో, ఎంత అందుబాటులో ఉంటాయో మనసు రోగాలకీ అంతే ఉండాలని, అంబులెన్స్ సేవ కూడా అదే తీరున అందాలని రాసి ఉంది. అదే చట్టం 115వ సెక్షన్, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అంటోంది. కేసు పెడతారేమోనని ఆసుపత్రిలో అబద్ధం చెప్పే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయంటే, ఈ మాట ఊళ్లలోకి వెళ్లలేదనే అర్థం.

మన దగ్గర ఏమీ లేదనడం అన్యాయం. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్‌కి బెంగళూరు నిమ్హాన్స్ పెద్దదిక్కు. 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. కౌన్సెలర్ వింటారు, అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పంపుతారు. ఇక పోలీసులు. చనిపోతున్నానని మెసేజ్ పెట్టి వెళ్లిన పిల్లల్ని సెల్ టవర్ లొకేషన్ పట్టుకుని చెరువు గట్ల మీద, రైలు పట్టాల మీద కాపాడిన కానిస్టేబుళ్ల వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాం. అమెరికా పోలీసుకి లేని పేరు ఈ విషయంలో మనవాళ్లకి ఉంది. ఆ తర్వాతే చిక్కు. స్టేషన్‌లో ఎస్సైగారు టీ ఇప్పించి, నాలుగు మంచి మాటలు చెప్పి, అమ్మానాన్నలకి అప్పగిస్తారు. ఫొటో పడుతుంది. మర్నాడు ఆ ఇంటికి వెళ్లి తలుపు తట్టేవాళ్లు లేరు. న్యూజెర్సీ 72 గంటలు, ఎనిమిది వారాలు అని లెక్కపెట్టేది సరిగ్గా ఆ మర్నాటి నుంచే.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరునే వెక్కిరింతగా వాడే సమాజంలో, పిల్లల్ని ఆ గేటు దాకా తీసుకెళ్లమంటే ఎంతమంది వెళ్తారు? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. డాక్టర్ల సంఖ్య చూస్తే లక్ష జనాభాకి ఒకరు కూడా లేరు. అందువల్ల డాక్టరు ఇంటికి రావాలని అడగడం పగటికల. కానీ అమెరికాలో ఇంటికి వెళ్తున్నది కూడా డాక్టరు కాదు. తర్ఫీదు పొందిన ఇద్దరు మామూలు మనుషులు, ఫోన్‌కి అవతల అందుబాటులో ఒక నిపుణుడు. ఊరూరా ఆశా కార్యకర్తలున్న రాష్ట్రాలకి, ఏటా సోషల్ వర్క్, సైకాలజీ పట్టాలతో పిల్లలు బయటికొచ్చి ఏ ఉద్యోగం దొరక్క కూర్చున్న రాష్ట్రాలకి ఇది అసాధ్యం అంటే నమ్మబుద్ధి కాదు. ఆశా కార్యకర్త నెత్తినే ఈ పనీ పడేయమని కాదు. వాళ్లకి ఉన్న పనులు చాలు. వేరే మనుషులు, వేరే జీతం, రాత్రి డ్యూటీకి తగిన భత్యం, ఆడపిల్ల రాత్రిపూట వెళ్తే తోడు, విన్న బాధంతా దింపుకోవడానికి వారానికోసారి ఒక పెద్ద దిక్కు. ఇవి లేకుండా బండి మీద రంగులేసి జెండా ఊపితే ఏడాదిలో మూలపడుతుంది.

రాష్ట్రమంతా ఒకేసారి అక్కర్లేదు. ఇంటర్ ఫలితాలు, నీట్ ఫలితాలు ఏ రోజు వస్తాయో ప్రభుత్వానికి ముందే తెలుసు. ఆ రెండు మూడు వారాలకైనా హాస్టళ్లు కిక్కిరిసిన విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో టెలీ మానస్‌కి అనుబంధంగా ఊరికి రెండు కార్లు, కారుకి ఇద్దరు మనుషులు పెట్టి చూడొచ్చు. సైరన్ వద్దు, బండి మీద బోర్డూ వద్దు. 14416లో రాత్రి ఫోన్ ఎత్తిన కౌన్సెలర్‌కి, అవతల ఏడుస్తున్న తల్లితో "మావాళ్లు బయల్దేరారమ్మా, అరగంటలో మీ ఇంటి దగ్గరుంటారు" అని చెప్పే వీలుండాలి. ఇప్పుడు ఆ కౌన్సెలర్ దగ్గర చెప్పడానికి ఆ ఒక్క వాక్యమే లేదు.

---

■ దగ్గర పెట్టుకోవాల్సిన నంబర్లు

• టెలీ మానస్: 14416 (తెలుగులో, రాత్రింబగళ్లు, ఉచితం)

• పిల్లల సహాయవాణి: 1098

• అత్యవసరం: 112, 108

• అమెరికాలో ఉన్న మన పిల్లలకి: 988